కోరంగి బురదలో కనిపించని కార్మికులు

భిలాయి ఉక్కునగరానికి సముద్రం లేదు. తాండులా జలాశయం నుంచి కాలువ వెంట మరోదా చెరువుకు చేరే నీరే మన కర్మాగారానికీ, మన ఇళ్ళకూ ఆధారం. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు ఆటుపోట్లన్నవి భూగోళ పాఠంలోని బొమ్మలు మాత్రమే. అయితే ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తీరాంధ్ర జిల్లాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన నాటి నుంచీ ఆ రాక సాగుతూనే వచ్చింది. సముద్రపు ఒడ్డును విడిచి వచ్చిన తరం వారి మాటల్లో పోటు, ఆటు, వాయుగుండం, ఒండ్రు అన్న పదాలు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటాయి. ఆ మాటల వెనుక ఉన్న నేలను పిల్లలకు చూపించవలెనన్న తలంపుతో గత సంక్రాంతి పండుగ తరువాత మేము సకుటుంబంగా కాకినాడ సమీపంలోని కోరంగి మడ అడవులకు వెళ్ళి వచ్చాము. చెట్లనూ పక్షులనూ చూడబోయిన మాకు చెట్ల కింది బురదే ఎక్కువ పాఠం చెప్పింది. ఆ బురదలో బతికే శిలీంధ్రాలను గురించి, అంటే బూజులు, పుట్టగొడుగుల వంశానికి చెందిన సూక్ష్మజీవులను గురించి, పాఠక మిత్రులకు నివేదించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దారి

దుర్గ్ నుంచి రాయ్‌పూర్, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, విజయనగరం మీదుగా విశాఖ చేరే రైలు దారి మనవారిలో అనేకులకు కంఠస్థమే. తూర్పు కనుమల లోయలలోకి బండి దిగుతున్నంతసేపూ మా అబ్బాయి కిటికీ వదలలేదు. భారతీయ రైల్వేకు పట్టాలను ప్రధానంగా అందించేది మన కర్మాగారమే గనుక, చక్రాల కింది చప్పుడులో మన రైలు మిల్లు శ్రమ కూడ వినిపిస్తున్నదని వాడికి చెప్పాము. విశాఖలో బండి మారి, సామర్లకోటలో దిగి, కాకినాడలో మా అక్కయ్యగారి ఇంట బస చేశాము. వారి అమ్మాయి అక్కడి ఒక కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తున్నది. ఈ యాత్రలో మాకు గురువు ఆమెయే.

కాకినాడ నుంచి యానాం పోయే రహదారిలో చొల్లంగి దాటిన తరువాత రొయ్యల చెరువులూ కొబ్బరి తోటలూ పలుచబడి, ఎడమవైపున ముదురాకుపచ్చని గోడ మొదలవుతుంది. అదే కోరంగి వన్యప్రాణి అభయారణ్యం. దీనిని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి పాయలైన కోరంగి, గాడేరు నదులు ఈ అడవి గుండా పోయి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. అఖాతానికి అడ్డుగా హోప్ ఐలండ్ అనే ఇసుక దిబ్బ పొడవుగా సాగి ఉన్నది. 2021 నాటి భారత అటవీ స్థితి నివేదిక ప్రకారం దేశంలో మడ అడవులు 4,992 చదరపు కిలోమీటర్లు కాగా, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 405 చదరపు కిలోమీటర్లు. ఆ వాటాలో ఎక్కువ భాగం గోదావరి, కృష్ణా నదుల ముఖద్వారాలలోనే ఉన్నది.

ఒకనాటి ఓడరేవు

నేడు కోరంగి ఒక చిన్న గ్రామం. కానీ పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాలలో ఇది ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి బర్మాకు వలసపోయిన తెలుగువారు ఎందరంటే, ఆ దేశంలో తెలుగు కూలీలకు 'కోరంగీలు' అన్న పేరే స్థిరపడిపోయింది. పొట్టకూటికై ఊరు విడిచిన తెలుగువారి చరిత్రలో భిలాయి కన్న ఎంతో ముందరి అధ్యాయం కోరంగిది. 1789లోను, 1839 నవంబరులోను వచ్చిన తుపానులు ఈ రేవును తుడిచిపెట్టాయి. తుపానులను గురించి కలకత్తాలో పరిశోధన చేసిన హెన్రీ పిడ్డింగ్‌టన్ 1848లో నావికుల కోసం ప్రచురించిన పుస్తకంలో 'సైక్లోన్' అన్న పదాన్ని ప్రవేశపెట్టాడు. కోరంగి ఉప్పెనలు ఆయన వివరించిన విపత్తులలోనివే.

తుపాను మాట ఇక్కడ చరిత్రకు పరిమితమైనది కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమ తీరాన్ని తాకిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. సముద్రం మీదికి వేటకు పోయిన మత్స్యకారులు వారిలో ఎందరో. మా పడవ నడిపిన పెద్దాయన ఆ రాత్రిని తలచుకొని ఇట్లా అన్నాడు: "మడ ఉన్న చోట గాలీ నీరూ రెండూ విరిగినాయండి బాబుగారూ. మడ లేని చోట విరగలేదండి." ఆ మాటను ఇంజనీరు భాషలో చెప్పాలంటే, వేళ్ళూ కాండాలూ కలిసి అలల శక్తిని కొంచెం కొంచెంగా వ్యయపరుస్తాయి. రాతిగోడ ఒక్కచోట తట్టుకొనే దెబ్బను అడవి అనేక వందల మీటర్ల పొడవునా పంచుకుంటుంది.

నేలలోంచి పైకి పెరిగే వేళ్ళు

అటవీశాఖ వేసిన కర్రల వంతెన మీద నడుస్తుంటే ఇరువైపులా నేల అంతా పెన్సిళ్ళు గుచ్చినట్లు కనిపిస్తుంది. అవి నల్లమడ, తెల్లమడ చెట్ల ఊపిరివేళ్ళు. ఉప్పుపొన్న చెట్లకు కాండం నుంచి విల్లులాగ వంగి నేలలోకి దిగిన ఊతవేళ్ళు ఉంటాయి. వేటి విధానం వాటిదైనా, అవసరం ఒక్కటే. నీటిలో ప్రాణవాయువు వ్యాపించే వేగం గాలిలో వ్యాపించే వేగంలో దాదాపు పదివేలవ వంతు. నిత్యం తడిసి ఉండే బురదలోకి గాలి దిగదు. అందువల్ల చెట్టే తన వేళ్ళ మీది సూక్ష్మ రంధ్రాల ద్వారా గాలిని తీసుకొని, లోపలి స్పంజి వంటి కణజాలం గుండా వేరు కొసల దాకా పంపుతుంది. అందులో కొంత చుట్టూ ఉన్న బురదలోకి కూడ కారిపోతుంది. ఈ కారడమే మన కథకు మూలం.

ఒకచోట అలల కోతకు గట్టు నిలువుగా తెగి ఉన్నది. పడవను అక్కడ ఆపించి మా మేనకోడలు పొరలను వేలితో చూపించింది. పైన కొద్ది మిల్లీమీటర్ల మందాన గోధుమరంగు పొర. దాని కింద బొగ్గులాంటి నలుపు. నల్లని బురద నుంచి కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. పిల్లలు ముక్కు మూసుకున్నారు గాని, కోక్ ఓవెన్ల వద్ద పనిచేసిన వారెవరికైనా ఆ వాసన పరిచితమే. అది హైడ్రోజన్ సల్ఫైడు. ప్రాణవాయువు అందని లోతులలో కొన్ని బాక్టీరియాలు సముద్రపు నీటిలోని సల్ఫేటుతో శ్వాసకార్యం సాగించి ఈ వాయువును వదలుతాయి. గోదావరి తెచ్చిన ఒండ్రులోని ఇనుము ఆ వాయువుతో కలిసి ఐరన్ సల్ఫైడుగా మారుతుంది. ఆ నలుపు దానిదే.

"ఇప్పుడు ఈ సన్నవేళ్ళ చుట్టూ చూడండి, మావయ్యా," అన్నదామె. నల్లని బురద మధ్యలో ప్రతి సన్నవేరు చుట్టూ ఒక ఎర్రమట్టి రంగు తొడుగు ఉన్నది. అది తుప్పు. వేరు నుంచి కారిన ప్రాణవాయువు ఇనుమును తాకినచోట తుప్పు పట్టి, వేరుకు ఒక కవచమైంది. జీవితమంతా ఉక్కును తుప్పు నుంచి కాపాడడానికి రంగులూ, పూతలూ, మిశ్రమ లోహాలూ వెదకిన మాబోటి వారికి, తుప్పే రక్షణగా నిలిచిన ఈ దృశ్యం వింతగొలిపింది. విషపూరితమైన సల్ఫైడు వేరును చేరకముందే ఈ ఎర్రని పొరలో చాలవరకు చిక్కుకుపోతుంది.

"మీ కర్మాగారంలో కొలిమి మైళ్ళ దూరానికి కనిపిస్తుంది, మావయ్యా. ఇక్కడి కొలిమి వేరు చుట్టూ మిల్లీమీటర్ల మందంలోనే ఉంటుంది. పనంతా జరిగేది అక్కడే," అన్నది మా మేనకోడలు.

శిలీంధ్రాల మూడు విధుల పని

ఆ పని చేసేవారిలో బాక్టీరియాలదే పెద్ద సంఖ్య. అయితే కొయ్యనూ, ఆకునూ, వేరునూ నమ్ముకొని పనిచేసేవి శిలీంధ్రాలు. సాధారణంగా శిలీంధ్రాలకు ప్రాణవాయువు కావాలి. అందుచేత నల్లని లోతులలో అవి అరుదు. పై పొరలోను, ఊపిరివేళ్ళ మీదను, వేళ్ళ చుట్టూ ఉండే ఎర్రని మండలంలోను, ఆటుకు బయటపడే కొయ్య మీదను వాటి కాపురం. ఉప్పునీరు కణంలోని నీటిని బయటికి లాగివేయకుండ ఉండేందుకు అవి తమ లోపల గ్లిసరాలు వంటి పదార్థాలను నింపుకొని సమతౌల్యం సాధిస్తాయి.

వీటిని ప్రపంచం గుర్తించి చాలాకాలం కాలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో మడ వేళ్ళ మీది సముద్ర శిలీంధ్రాలను క్రిబ్ దంపతులు 1955లో వర్ణించారు. అది మన భిలాయి ఒప్పందం జరిగిన సంవత్సరమే. మన దేశంలో మడ బురదలోని శిలీంధ్రాలపై రాయ్, తివారీ, ముఖర్జీలు 1969లో పరిశోధన పత్రం ప్రకటించారు. ఇక గోదావరి, కృష్ణా డెల్టాల మడ చెట్లపై పెరిగే శిలీంధ్రాలను మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన వి.వి. శర్మ, బి.పి.ఆర్. విఠల్ గార్లు శ్రద్ధగా అధ్యయనం చేసి 2000, 2001 సంవత్సరాలలో ప్రచురించారు. ఉప్పుపొన్న మీద పెరిగేవేవి, మడ మీద పెరిగేవేవి, ఒకే చెట్టులోనైనా ఒక్కొక్క భాగాన్ని ఆశ్రయించేవేవి అని విడదీసి చూపిన పరిశోధన అది. కోరంగిని చూడబోయేవారు ఈ నేలకు ఇటువంటి శాస్త్ర చరిత్ర కూడ ఉన్నదని గుర్తుంచుకొనడం మంచిది.

ఈ శిలీంధ్రాల పనిని మూడు విధులుగా చెప్పుకోవచ్చు.

మొదటిది కొయ్యను విరగదీయడం. విరిగిపడిన కొమ్మ నీట నానుతుంటే, వెరుక్యులినా, లుల్వర్తియా, లిగ్నింకోలా వంటి పేర్లు గల శిలీంధ్రాలు దానిలోకి చొరబడతాయి. వీటి ఫలనాలు కొయ్య మీద గసగసాల కన్న చిన్న నల్లని చుక్కలవలె కనిపిస్తాయి. మా మేనకోడలు భూతద్దం ఇచ్చి చూపితే గాని మాకు ఆనలేదు. పోటు వచ్చినపుడు వీటి బీజాలు నీటిలో కొట్టుకుపోతాయి. పోయిన ప్రతిదీ ఒక కొయ్యను పట్టుకోవాలి గదా! అందుకని అనేక జాతుల బీజాలకు గాలపు కొక్కేలవంటి, జిగురు దారాలవంటి అనుబంధాలు ఉంటాయి. కొయ్యలోని సెల్యులోజునూ, దానిని పట్టి ఉంచే లిగ్నిన్‌నూ కరిగించే ఎంజైములను ఇవి విడుదల చేస్తాయి.

రెండవది ఆకును ఆహారంగా మార్చడం. పండుటాకు నీటిలో పడిన ఒక రోజులోపే హాలోఫైటాఫ్తొరా అనే జీవుల ఈదగల బీజాలు దానిని వెదకి చేరుతాయి. ఇవి ఒకప్పుడు శిలీంధ్రాలలోనే లెక్కకు వచ్చినా, నేడు శాస్త్రజ్ఞులు వీటిని వేరే వంశంగా గుర్తిస్తున్నారు. వాటి వెనుకనే త్రాస్టోకైట్రిడ్లు, అసలు శిలీంధ్రాలు, బాక్టీరియాలు దిగుతాయి. పచ్చిగా తింటే మడ ఆకులో వగరు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. సూక్ష్మజీవులు దాని మీద పెరిగిన కొద్దీ వగరు పోతుంది, నత్రజని పెరుగుతుంది. చప్పిడి అటుకులలో పెరుగు కలిపినట్లన్నమాట. ఆ ఆకు ముక్కలను పీతలూ, రొయ్య పిల్లలూ, చిన్న చేపలూ తింటాయి. వాటిని పెద్ద చేపలూ, నీటికుక్కలూ, ఈ అడవికి ప్రసిద్ధి తెచ్చిన బావురుపిల్లులూ తింటాయి. కాకినాడ బజారులో మనం బేరమాడే రొయ్య వెనుక ఈ కనిపించని వంటశాల ఉన్నది.

మూడవది వేరుతో పొత్తు. దీనిని వివరించడానికి మన ఛత్తీస్‌గఢ్ ఉదాహరణే చాలు. తొలకరి పడగానే బస్తరు సాల వనాల నుంచి సంతకు వచ్చే 'బోడా'ను మనలో అనేకులు ఎరుగుదురు. సీజను మొదట్లో దాని ధర వినే వెనుదిరిగేవారూ ఉన్నారు. భూమిలో గుండ్రంగా ఊరే ఆ శిలీంధ్రాన్ని ఎవరూ తోటలో పండించలేరు, ఎందుకంటే అది సాల వృక్షపు వేరుతో పొత్తు లేనిదే బతకదు. వేరు దానికి చక్కెర ఇస్తుంది. అది వేరుకు నేలలోని ఖనిజాలను అందిస్తుంది. సాల వేరుకు ఈ శిలీంధ్రం పైతొడుగుగా ఉంటే, మడ చెట్ల వేళ్ళలో కనిపించే పొత్తుదారు వేరు కణాల లోపలికే ప్రవేశించి చిన్న చెట్టు ఆకారంలో కొమ్మలు వేస్తుంది. ఉప్పు తక్కువగా, గాలి కాస్త ఎక్కువగా అందే చోట్ల ఈ పొత్తు బలపడుతుంది. సుందరవనాల వంటి ఇతర మడ అడవులలోనూ దీనిని శాస్త్రజ్ఞులు గుర్తించారు.

భాస్వరం కథ

ఈ మూడవ పని ఉక్కు పరిశ్రమలోని వారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. మనకు భాస్వరం శత్రువు. ముడి ఖనిజంలోని భాస్వరం కొలిమిలో ఇనుముతో కలిసి వచ్చి ఉక్కును పెళుసుగా మారుస్తుంది. కన్వర్టరులో సున్నం వేసి, ప్రాణవాయువు ఊది, దానిని స్లాగులోకి తరిమేదాకా మనకు నిద్ర ఉండదు. భాస్వరానికి ఇనుము మీద ఉన్న మక్కువే ఈ చిక్కుకు కారణం.

మడ బురదలోనూ అదే మక్కువ. అయితే అక్కడ చెట్టుకు భాస్వరం మిత్రుడు. అది లేనిదే ఆకు లేదు, గింజ లేదు. వేరు చుట్టూ ఏర్పడిన ఎర్రని తుప్పు పొర సల్ఫైడును ఆపినట్లే భాస్వరాన్ని కూడ పట్టి ఉంచుతుంది. కాపలావాడే కోశాగారానికి తాళం వేసుకున్నట్లయింది. బురదలోని ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం వంటి శిలీంధ్రాలూ, కొన్ని బాక్టీరియాలూ సేంద్రియ ఆమ్లాలను విడుదల చేసి ఆ పట్టును సడలిస్తాయి. విడివడిన భాస్వరాన్ని పొత్తు శిలీంధ్రపు సన్నని దారాలు వేరుకు చేరవేస్తాయి. మనం వేల టన్నుల సున్నంతో, 1,600 డిగ్రీల సెల్సియస్ దాపు వేడిలో చేసే పనికి ఇది పొలికేక దూరంలోని బంధువు. ఇది చల్లని బురదలో, మందమైన గతిలో జరుగుతుంది. వేగంలో మనది పైచేయి. పొదుపులో మాత్రం ఆ బురదదే.

బొగ్గుకు పూర్వరూపం

కోక్ ఓవెన్లలో మనం వేసే బొగ్గు కూడ ఒకనాటి చిత్తడి అడవే. ఝరియా వంటి గోండ్వానా క్షేత్రాల బొగ్గు ఇరవై అయిదు నుంచి ముప్ఫై కోట్ల సంవత్సరాల నాటి చెట్ల అవశేషం. అవి మడ చెట్లు కావు. మంచినీటి చిత్తడులలో పెరిగిన గ్లాసోప్టెరిస్ జాతి చెట్లు. అయినా సూత్రం ఒక్కటే. గాలి అందని నీటి అడుగున పడిన కొయ్యను శిలీంధ్రాలు పూర్తిగా తినలేవు. తినలేక మిగిల్చినదే పొరలు పొరలుగా పేరుకొని, ఒత్తిడికీ వేడికీ బొగ్గయింది. కొయ్యలోని లిగ్నిన్‌ను కరిగించే శిలీంధ్రాలు ఆలస్యంగా పుట్టినందువల్లనే ప్రాచీన బొగ్గు అంతగా పేరుకుపోయిందని 2012లో ఒక పరిశోధక బృందం సూచించింది. చిత్తడి నేలలూ, వాతావరణమూ, కుంగిపోయే భూభాగాలే అసలు కారణమని 2016లో మరొక బృందం దానిని ఖండించింది. ఏది ఏమైనా, బురదలో శిలీంధ్రం ఆగిపోయే గీత వద్దనే బొగ్గు మొదలవుతుందన్నది నిర్వివాదం.

ఆ గీత నేటికీ కోరంగిలో ఉన్నది. పైపొరలో శిలీంధ్రాలు కొంత తిని, మిగిలినది నల్లని పొరలోకి దిగి అక్కడే భద్రమవుతుంది. హిందూ, పసిఫిక్ మహాసముద్ర ప్రాంతపు మడ అడవులను కొలిచిన శాస్త్రజ్ఞులు 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం హెక్టారుకు సగటున 1,023 టన్నుల కార్బను నిలువ ఉన్నది. అందులో అధిక భాగం చెట్టులో కాదు, నేలలోనే. ఒక టన్ను ఉక్కుకు ఎంత బొగ్గు ఖర్చవుతుందో ఎరిగిన మన వంటి వారికి ఈ అంకె విలువ వేరుగా వివరించనక్కరలేదు. మనం కొలిమిలో విడుదల చేసేదానిని ఆ బురద దాచుకుంటున్నది. దానిని తవ్వి ఆరబెడితే గాలి తగిలి, శిలీంధ్రాలూ బాక్టీరియాలూ మళ్ళీ పనిలోకి దిగి, శతాబ్దాల నిలువను కొద్ది సంవత్సరాలలో వాయువుగా మార్చివేస్తాయి. అవే కార్మికులు, పని పరిస్థితి మారితే ఫలితం తలకిందులవుతుంది.

నీరు ఆడాలి

తిరుగు పడవలో ఒక పాయ పక్కన చేప వెన్నెముక ఆకారంలో తవ్విన కాలువలు కనిపించాయి. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పూర్వం కొట్టివేసిన చోట్ల మడ తిరిగి మొలవలేదు. చెట్లు లేక నేల కుంగి, పోటు నీరు గుంటలలో నిలిచి, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుపోయింది. నాటిన మొక్కలు చచ్చిపోయాయి. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీశాఖతోనూ, గ్రామస్థులతోనూ కలిసి ఈ చేపముల్లు కాలువల పద్ధతిని గోదావరి, కృష్ణా ముఖద్వారాలలో అమలు చేసింది. పోటుకు నీరు లోపలికి వస్తుంది, ఆటుకు వెళ్ళిపోతుంది; ఉప్పు కడుక్కుపోతుంది. ఆ తరువాతనే మొక్క నిలిచింది.

"నీరు ఆడాలండి బాబుగారూ. నీరు ఆడకపోతే నేల చచ్చిపోద్దండి. నేల చచ్చినాక మొక్క వేసి లాభం లేదండి," అన్నాడు పడవ పెద్దాయన. శిలీంధ్రాలను గురించి మా మేనకోడలు గంటసేపు చెప్పిన దానికి ఇంతకన్న క్లుప్తమైన సారాంశం మాకు తోచలేదు. చెట్టును మాత్రమే లెక్కపెట్టి నాటేవాడు విఫలుడవుతాడు. ఆ చెట్టు కింద పనిచేసే వారికి ఊపిరి అందే ఏర్పాటు ముందు జరగాలి.

అయితే కాలువలతో తీరని సమస్య ఒకటి ఉన్నది. డెల్టా బతికేది నది తెచ్చే ఒండ్రుతో. ఎగువన ఆనకట్టలు కట్టిన కొద్దీ గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గుతూ వచ్చింది. తీరం కొన్ని చోట్ల కోతకు గురవుతున్నది. సముద్రమట్టం పెరుగుతున్న ఈ రోజులలో, మడ అడవి నిలవాలంటే దాని నేల కూడ ఏటేటా ఒకింత ఎత్తు పెరగాలి. ఆ ఆనకట్టల గేట్లలోనూ, వంతెనలలోనూ ఉన్నది మన ఉక్కే. ఆనకట్ట లేకపోతే డెల్టా పొలాలకు నీరు లేదు. ఒండ్రు లేకపోతే డెల్టాకే స్థానం లేదు. ఈ రెంటినీ సమన్వయపరచవలసిన బాధ్యత ఇంజనీర్లదేనని మేము భావిస్తున్నాము. ఒండ్రును కిందికి వదిలే తూముల నిర్మాణం, నిర్వహణ ఇకపై అలంకారప్రాయంగా గాక ముఖ్యాంశంగా ఎంచవలసి ఉన్నది.

కర్మాగారానికి ఏమి ప్రయోజనం

ఇట్టి విషయాలు మన వృత్తికి ఎంత దగ్గరవో మరొక్క ఉదాహరణ. కోక్ ఓవెన్ల వ్యర్థజలంలో ఫినాల్ ఉంటుంది. దానిని జీవప్రక్రియతో శుద్ధి చేసే తొట్లలో ఉక్కు కర్మాగారాలు బాక్టీరియాలను పెంచుతాయి. లిగ్నిన్ కూడ ఫినాల్ జాతి పదార్థమే గనుక, దానిని కరిగించే శిలీంధ్రాలకు ఇటువంటి పని అలవాటే. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థలో డాక్టర్ చంద్రలత రఘుకుమార్ గారి బృందం కుళ్ళిన మడ కొయ్య నుంచి ఒక శిలీంధ్రాన్ని వేరుచేసి, అది లాకేజ్ అనే ఎంజైమును సమృద్ధిగా ఉత్పత్తి చేస్తూ కాగితపు మిల్లులు, డిస్టిలరీల వంటి వాటి రంగు వ్యర్థజలాలను తేటపరచగలదని 2006లో తెలియజేసింది. ఉప్పునీటికి అలవాటు పడిన జీవి గనుక లవణాలు అధికంగా ఉండే పారిశ్రామిక జలంలో అది నిలవగలదు. ప్రయోగశాల గాజు పాత్రకూ, రోజుకు వేల ఘనపు మీటర్లు పారే తొట్టికీ నడుమ దూరం చాలా ఉన్నదని మనకు తెలుసు. అయినా, మన స్లాగు సిమెంటుగా మారడం కూడ ఒకప్పుడు ప్రయోగశాలలోని మాటయే. 'వ్యర్థం' అన్న మాటకు అర్థం దానిని వాడుకొనే వాడి కోసం ఎదురుచూస్తున్న పదార్థమని మడ అడవి చెబుతున్నది.

వెళ్ళదలచిన వారికి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. ఎల్.టి.సి. మీద విశాఖ, అన్నవరం, ద్రాక్షారామం చూడబోయే మిత్రులు ఒక పూట కోరంగికి కేటాయించవచ్చు. బయలుదేరే ముందు ఆ రోజు ఆటు వేళ ఎప్పుడో కాకినాడలో విచారించండి. పోటు వేళ పచ్చదనం, నీరు మాత్రమే కనిపిస్తాయి; వేళ్ళూ బురదా చూడాలంటే ఆటు వేళనే పోవాలి. తిల్ల చెట్టు కొమ్మలు విరవకుండ పిల్లలను హెచ్చరించండి. దాని పాలు కంట పడితే చూపుకే ప్రమాదం. తినుబండారాల కవర్లు తిరిగి వెంట తెచ్చుకోండి. లిగ్నిన్‌ను జీర్ణించుకొనే ఆ బురద శిలీంధ్రాలకు ప్లాస్టిక్కు ఇంకా ఆహారం కాలేదు. చేతిలో ఒక చిన్న భూతద్దం ఉంటే మరీ మంచిది. ఆటుకు బయటపడిన పాత కొయ్య ఏదైనా ఎంచుకొని, దాని మీది నల్లని చుక్కలను పిల్లలచేత లెక్కపెట్టించండి. మా అబ్బాయి జానెడు కొయ్య మీద నలభై వరకు లెక్కపెట్టి, పోటు నీరు తిరిగి పైకి వస్తున్నదని పడవ పెద్దాయన కేక వేసిన తరువాత గాని లేవలేదు.